ఎడారి కోటలు, ఆడవాళ్ళు తవ్వించిన చెరువులు

రాజస్థాన్ వెళ్ళొచ్చిన వాళ్ళని ఎవరిని అడిగినా ముందు కోట ఎంత ఎత్తో చెప్తారు. తరవాత ఫిరంగులు, అద్దాల మహలు, ఏనుగు మీద వేసే వెండి అంబారీ. అక్కడి గైడు కథ కూడా అలాగే ఉంటుంది. రాజు తరవాత రాజు వస్తాడు, యుద్ధం తరవాత యుద్ధం వస్తుంది. రాణుల ముచ్చట మాత్రం "ఇది జనానా, ఆ జాలీ కిటికీల్లోంచి రాణీగార్లు కిందకి చూసేవారు" అనే ఒక్క ముక్కతో సరి.

జోధ్‌పూర్, బికనేర్, జైసల్మేర్ మూడూ తిరిగాక నాకొక సంగతి తట్టింది. ఆ ఇసకలో ఎంత గొప్ప కోట కట్టినా నీళ్ళు లేకపోతే ఒక్క వేసవి కూడా గడవదు. ఆ నీళ్ళ దగ్గరికి వెళ్ళి "ఇది ఎవరు తవ్వించారు?" అని అడిగితే చాలాచోట్ల ఆడవాళ్ళ పేర్లు వినిపిస్తాయి. పిల్లల సెలవుల్లో అటు వెళ్ళాలనుకునే వాళ్ళు కోటతో పాటు దాని చెరువు కూడా చూసి రండి. టికెట్ కూడా ఉండదు చాలావాటికి.

ముందు జోధ్‌పూర్. మెహ్రాన్‌గఢ్ కోటని రావ్ జోధా 1459లో మొదలుపెట్టాడు. అంతకుముందు రాఠోడ్ల రాజధాని దగ్గర్లోనే ఉన్న మండోర్. ఈ కోట ఊరికి నాలుగు వందల అడుగుల ఎత్తున ఉంటుంది. కింద నిలబడి చూస్తే కొండ ఎక్కడ ఆగిందో, గోడ ఎక్కడ మొదలైందో కనిపెట్టలేం. ఆ కొండ మీద నీటి ఊట దగ్గర చిడియానాథ్ అనే సాధువు ఉండేవాడట. కోట కోసం ఆయన్ని లేవగొడితే, మీకు నీళ్ళ కరువు తప్పదని శపించి పోయాడని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. కోట నిలవాలంటే మనిషిని బలివ్వాలన్నారని రాజారామ్ మేఘ్‌వాల్ అనే ఆయన్ని పునాదిలో సజీవంగా పూడ్చారు. ఆయన పేరుతో కోటలో రాయి ఉంది. చాలామంది ఫొటోల హడావిడిలో దాన్ని దాటి వెళ్ళిపోతారు. మీరు ఒక్క నిమిషం ఆగండి.

శాపం మాట ఎలా ఉన్నా, నీళ్ళ సంగతి పట్టించుకున్నది జోధా భార్య జస్మాదే హాడీ. కోట కిందే ఆమె తవ్వించిన చెరువు రాణీసర్. పక్కనే పదమ్‌సర్ అని ఇంకొకటి. వానకాలంలో కొండల మీద పడ్డ నీళ్ళు ఒక్క చుక్క వృథా కాకుండా కాలవల్లో పారి వీటిలో చేరేలా చేశారు. కోట గోడ మీంచి కిందకి చూస్తే ఇప్పటికీ కనిపిస్తాయి. మన పెద్దవాళ్ళు సప్తసంతానాల్లో చెరువు తవ్వించడాన్నీ లెక్కపెట్టారు కదా. కృష్ణా గోదావరుల పక్కన పెరిగిన నాలాంటి వాళ్ళకి ఆ లెక్క విలువ అక్కడికి వెళ్ళాకే తెలుస్తుంది.

కోటలోకి వెళ్తుంటే చివరి వాకిలి లోహాపోల్. తలుపుకి ఇనప మేకులు, పక్క గోడ మీద చిన్న చిన్న చేతి ముద్రలు. సింధూరం పూసి, వెండి రేకు అంటించి, దండలు వేసి ఉంటాయి. 1843లో మహారాజా మాన్‌సింగ్ పోయినప్పుడు చితి ఎక్కిన ఆయన భార్యల ముద్రలు వాటిలో ఉన్నాయి. చివరిసారి ఈ వాకిలి దాటుతూ చెయ్యి ముంచి వేసి వెళ్ళేవాళ్ళట. మా అమ్మాయి తన చెయ్యి గోడకి కొంచెం దూరంలో పెట్టి చూసుకుంది. పదమూడేళ్ళ పిల్ల చెయ్యి వాటికంటే పెద్దగా ఉంది. "వాళ్ళు వెళ్ళనని అనొచ్చా అమ్మా?" అని అడిగింది. అనడానికి ఉండేది కాదని చెప్పాను. అదే నిజం కాబట్టి ఇంకే మాటా కలపలేదు.

అంతకుముందు 1724లో అజిత్‌సింగ్‌ని సొంత కొడుకే చంపితే, ఆ చితి మీద అరవై మందికి పైగా ఆడవాళ్ళు పోయారు. పట్టపు రాణుల దగ్గర్నించి దాసీల దాకా. బ్రిటిష్‌వాళ్ళు 1829లోనే బెంగాల్‌లో సతిని నిషేధించినా, సంస్థానాల్లో ఆ చట్టం చెల్లలేదు. ఇదంతా పాతకాలం మాట అనుకుందామంటే 1987లో అదే రాజస్థాన్‌లో, దేవరాలా అనే ఊళ్ళో, రూప్ కన్వర్ అనే పద్దెనిమిదేళ్ళ అమ్మాయి భర్త చితి మీద కాలిపోయింది. ఆ తరవాతే సతిని పొగడటం కూడా నేరమంటూ చట్టం వచ్చింది. లోహాపోల్ దగ్గర ఆగి దణ్ణం పెట్టేవాళ్ళని నేను తప్పుపట్టను. కానీ మన పిల్లలకి చూపించేటప్పుడు "మహా పతివ్రతలు" అని చెప్పి ముందుకు నడవడం మాత్రం నాకు ఇష్టం లేదు.

లోపల మహళ్ళు కళ్ళు చెదిరేలా ఉంటాయి, అందులో అబద్ధం లేదు. మోతీ మహల్ గోడలో ఐదు గూళ్ళున్నాయి. రాజు కొలువు తీరినప్పుడు రాణులు వాటి వెనక దాక్కుని వినేవారని చెప్తారు. వినడానికి అనుమతి, మాట్లాడటానికి లేదు. ఝాంకీ మహల్లో ఇప్పుడు రాజవంశపు ఉయ్యాలలు పెట్టారు. తఖత్ విలాస్‌లో పైకప్పుకి రంగురంగుల గాజు బంతులు వేలాడుతుంటాయి. అచ్చం క్రిస్మస్ చెట్టుకి కట్టేవే! అన్నిట్లోకీ ఖరీదైనది ఫూల్ మహల్, పైకప్పు నిండా బంగారం పూత. అది అజిత్‌సింగ్ పెద్ద కొడుకు అభయ్‌సింగ్ కట్టించింది.

ఆ అభయ్‌సింగ్ పేరు గుర్తుపెట్టుకుని కోట దిగండి. జోధ్‌పూర్‌కి పాతిక కిలోమీటర్ల దూరంలో ఖేజడ్లీ అనే ఊరుంది. 1730లో రాజుగారి కొత్త కట్టడానికి సున్నం కాల్చడానికి కట్టెలు కావాల్సి వచ్చాయి. ఎడారిలో కట్టెలెక్కడివి? ఖేజ్‌డీ చెట్లున్నాయి. అంటే మన జమ్మి చెట్టే! దసరాకి పూజ చేసి ఆకు పంచుకుంటామే, అదే. తెలంగాణకీ, రాజస్థాన్‌కీ రెంటికీ అదే రాష్ట్ర వృక్షం. అక్కడి బిష్ణోయీలు పచ్చని చెట్టు కొట్టనివ్వరు, అది వాళ్ళ మతం. రాజు మనుషులు గొడ్డళ్ళతో వస్తే అమృతాదేవి అనే ఇల్లాలు చెట్టుని కావలించుకుని నిలబడింది. లంచం ఇస్తే చెట్టుని వదిలేస్తామన్నారట, ఆమె ఒప్పుకోలేదు. చెట్టు నిలిచేటట్టయితే తల పోయినా బేరం చవకే అందని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆమెని నరికారు. ముగ్గురు కూతుళ్ళూ తల్లి వెనకే వెళ్ళారు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళతో కలిపి మొత్తం 363 మంది చనిపోయాక రాజు నరకడం ఆపించి, బిష్ణోయీల ఊళ్ళలో చెట్లు కొట్టకూడదని ఆజ్ఞ ఇచ్చాడు. సెప్టెంబరు 11న మన దేశంలో అటవీ అమరవీరుల దినం జరిపేది ఈ సంఘటన గుర్తుగానే.

చిత్రమేమిటంటే అదే అభయ్‌సింగ్ రాణి ఒకావిడ 1740ల్లో ఊరి మధ్యలో మెట్లబావి కట్టించింది. పేరు తూర్‌జీ కా ఝాల్రా. రెండు వందల అడుగులకి పైగా లోతు, ఎర్ర రాతి మెట్లు ఒకదాని మీద ఒకటి ముగ్గులా అల్లుకుని ఉంటాయి. చాలాకాలం చెత్తతో పూడిపోయి ఉంటే ఈమధ్యే శుభ్రం చేశారు. సాయంత్రం కుర్రాళ్ళు పైనుంచి దూకి ఈతలు కొడుతుంటారు. అక్కడ మెట్ల మీద కూర్చోవడమే మా ప్రయాణం మొత్తంలో నాకు బాగా నచ్చిన గంట.

దానికి దగ్గర్లోనే గులాబ్ సాగర్. 1788లో గులాబ్‌రాయ్ తవ్వించింది. ఈమె రాణి కాదు, విజయ్‌సింగ్ మహారాజు ఉంచుకున్న మనిషి. రాజు ఆమె మాట కాదనేవాడు కాడు, రాచకార్యాలన్నీ ఆమె చేతుల మీదుగానే నడిచేవి. సర్దార్లకి అది కిట్టలేదు, 1792లో చంపించారు. ఆమె చెరువు మాత్రం రెండు వందల ఏళ్ళకి పైగా ఊరి మధ్యలోనే ఉంది.

ఇక ఉమైద్ భవన్. 1929లో మొదలై 1943లో పూర్తయిన 347 గదుల మహలు. వరస కరువుల్లో జనానికి పని కల్పించడానికి కట్టించారని చెప్తారు. రెండు మూడు వేలమందికి ఏళ్ళ తరబడి కూలి దొరికింది. ఇప్పుడు ఒక భాగం హోటలు, ఒక భాగం మ్యూజియం, మిగతాది రాజకుటుంబం ఇల్లు. మనబోటి వాళ్ళకి మ్యూజియం వరకే ప్రవేశం, గంటలో అయిపోతుంది. కరువుకి జవాబు మహలా, కాలవా అని అడిగితే నా ఓటు కాలవకే. ఆ పని చేసినవాడు పక్క రాజ్యంలో ఉన్నాడు.

బికనేర్‌ని రావ్ జోధా కొడుకు బీకా 1488లో స్థాపించాడు. ఇక్కడి జునాగఢ్ కోట కొండ మీద ఉండదు, నేల మీదే ఉంటుంది. 1589లో మొదలై ఐదేళ్ళలో పూర్తయింది. ఇక్కడ కూడా వాకిట్లో సతీ చేతి ముద్రలున్నాయి. బాదల్ మహల్ అనే గది తప్పకుండా చూడండి. గోడలంతా నల్లని, నీలి మేఘాలు, మెరుపులు, కింద వరసగా వాన చినుకులు. ఏళ్ళ తరబడి వాన చూడని పిల్లలకి వానంటే ఇలా ఉంటుందని చూపించడానికి వేయించారట. ఎంతవరకు నిజమో గానీ, ఆ గదిలో నిలబడితే నమ్మబుద్ధేస్తుంది.

అన్నట్టు, ఈ కోటకీ మనకీ ఒక చుట్టరికం ఉంది. అనూప్ మహల్ అని బంగారు పనితనంతో మెరిసిపోయే గది కనిపిస్తుంది కదా, ఆ అనూప్‌సింగ్ ఔరంగజేబు సేనాని. 1687లో గోల్కొండ ముట్టడిలో ఉన్నాడు, చివరికి 1698లో మన ఆదోనిలోనే పోయాడు. దక్కన్ యుద్ధాల్లో పాడైపోకుండా సంస్కృత తాళపత్రాలు, కాగితపు ప్రతులు, దేవుడి విగ్రహాలు పోగుచేసి బికనేర్‌కి పంపించాడు. అనూప్ సంస్కృత గ్రంథాలయం అలా ఏర్పడిందే. కత్తి పట్టి వచ్చినవాడు పుస్తకాలు ఏరుకుని వెళ్ళాడంటే కాస్త మెచ్చుకోవాల్సిందే.

కాలవ అన్నాను కదా, అది ఆ వంశంలోనే గంగాసింగ్ తెప్పించింది. ఆయన పాలన మొదట్లోనే 1899–1900ల కరువు వచ్చింది. విక్రమ శకం 1956లో వచ్చింది కాబట్టి అక్కడ ఛప్పనియా కరువు అంటారు. పశువులు, మనుషులు లెక్కలేనంత మంది పోయారు. అది చూసినవాడు 1927 కల్లా సట్లెజ్ నీళ్ళని ఎడారికి రప్పించాడు. శ్రీగంగానగర్ జిల్లాలో ఇప్పుడు గోధుమ, కిన్నూ తోటలు పండుతున్నది ఆ నీళ్ళతోనే.

చివరికి జైసల్మేర్. 1156లో రావల్ జైసల్ కట్టించిన పసుపు రాతి కోట, 99 బురుజులు. సాయంత్రం ఎండకి నిజంగానే బంగారంలా ఉంటుంది. మిగతా కోటలు మ్యూజియాలైపోతే ఇందులో ఇంకా కాపురాలున్నాయి. గుమ్మంలో కూరగాయలు తరిగే ఆడవాళ్ళు, సైకిళ్ళ మీద పిల్లలు, ఆరేసిన బట్టలు. 2013లో యునెస్కో జాబితాలో చేరింది.

ఆ కోటకి ఇప్పుడు శత్రువు నీళ్ళే అంటే నమ్ముతారా? ఒకప్పుడు ఆడవాళ్ళు కింద గడీసర్ చెరువు నుంచి బిందెలతో మోసుకొచ్చుకునేవారు. మోసినవాళ్ళకే తెలుసు బిందె బరువు, కాబట్టి ఒక్క చెంబు పారబోసేవాళ్ళు కాదు. తరవాత కుళాయిలు వచ్చాయి, హోటళ్ళు వచ్చాయి, బాత్రూములు వచ్చాయి. వాడిన నీళ్ళన్నీ కొండలోకి ఇంకి, కింద మెత్తటి పొర నాని, బురుజులు కూలాయి. కోటలోపల హోటళ్ళు చవకగానే దొరుకుతాయి, ఫొటోల్లో అందంగా ఉంటాయి. దయచేసి కింద ఊళ్ళో గది తీసుకోండి. మేము అలాగే చేశాం, కోట మొత్తం కిటికీలోంచి కనిపించింది.

వెళ్ళేది నవంబరు నుంచి ఫిబ్రవరి లోపలే వెళ్ళండి. రాత్రుళ్ళు చలి బాగా ఉంటుంది, పిల్లలకి స్వెటర్లు మరిచిపోవద్దు. మెహ్రాన్‌గఢ్‌లో మోకాళ్ళ నొప్పులున్న అత్తగార్ల కోసం లిఫ్టు ఉంది. భోజనంలో కేర్-సాంగ్రీ కూర అడిగి తినండి. సాంగ్రీ అంటే ఆ జమ్మి చెట్టు కాయలే. ఎండబెట్టి దాచుకుంటే కరువులో కూడా కూరకి లోటుండదు. నేను అరకిలో కొనుక్కొచ్చాను, రాత్రంతా నానబెట్టి, ఉడకబెట్టి, మన పోపు పెట్టి చేశాను. గోరుచిక్కుడు కూరకి దగ్గరగా వచ్చింది.

గడీసర్ చెరువుని 14వ శతాబ్దంలో రావల్ గడ్సీ బాగుచేయించాడు. దాని దగ్గరికి వెళ్ళాలంటే ఒక పెద్ద రాతి ద్వారం కింద నుంచి వెళ్ళాలి. అది టీలోన్ అనే వేశ్య తన సొంత డబ్బుతో కట్టించిందని చెప్తారు. నీళ్ళకి వెళ్ళే మంచి ఇళ్ళ ఆడవాళ్ళూ, స్వయానా రాజూ ఆమె కట్టించిన ద్వారం కింద నుంచి నడవాలా అని పెద్దలు మండిపడ్డారట. పడగొట్టాలనుకున్నారు. ఆ సంగతి తెలిసి టీలోన్ రాత్రికి రాత్రి ద్వారం మీద కృష్ణుడి గుడి పెట్టించింది. గుడిని పడగొట్టలేరుగా! రాజు తన కోసం వేరే దారి వేయించుకున్నాడట. మిగతా ఊరంతా ఆ ద్వారం కింద నుంచే బిందెలతో వెళ్ళి వచ్చింది. మేమూ పొద్దున్నే దాని కింద నుంచే వెళ్ళాం. పైన గుడి అలాగే ఉంది.