బావిగట్టు ఇంజనూ, గోదావరి లాంచీ

పడవల గురించి రాయడానికి గుడియాత్తం వాడికి ఏమి అర్హత ఉందని పాఠకులు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. మా ఊరి పక్కన కౌండిన్య నది ఉందని పేరేగాని, ఏడాదిలో ఎక్కువ రోజులు అందులో కనిపించేది ఇసుకే. అది పోయి కలిసే పాలారు సంగతీ అంతే. రాయవేలూరు పోతే కోట చుట్టూ అగడ్తలో నీళ్లు చూసి సంతోషించవలసిందే. అయినా చాలా ఏళ్లుగా నేను పాత కొయ్య లాంచీల సంగతులు వెతుకుతున్నాను. ఇందుకు కారణం మా బావి.

నా చిన్నతనంలో మా బావిగట్టు మీద ఒక ఆయిల్ ఇంజను ఉండేది. ఒకటే సిలిండరు, చెరో పక్కా బరువైన ఇనుప చక్రం. పైనున్న లీవరు ఎత్తి, హ్యాండిల్ వేసి తిప్పి, చక్రాలు వేగం అందుకోగానే లీవరు వదిలితే డుగ్గు డుగ్గుమని మొదలయ్యేది. మా తాత ఆ పక్కనే గట్టు మీద కూర్చొని, "లాంచీ వచ్చినట్టే ఉందిరా" అనేవాడు. ఆయన వయసులో ఉండగా నెల్లూరు వైపు నుంచి బకింగ్‌హాం కాలువ మీద మద్రాసుకు కట్టెల పడవ నడిపినవాడు. ఆ పడవకు ఇంజను లేదు. గాలి ఉంటే తెరచాప, లేకుంటే గడ, అదీ సాగకపోతే గట్టు మీద నడుస్తూ తాడు లాగడం. ఎప్పుడైనా ఒక లాంచీ ఎదురైతే దాని అలకు తమ పడవ గట్టుకు కొట్టుకొనేదని చెప్పేవాడు. ఆయన పోయాడు, ఇంజను పోయింది, కరెంటు మోటారు వచ్చింది. నేను లేతు పని నేర్చుకొని ఆయిల్ ఇంజన్లు విప్పి బిగించడమే బతుకుతెరువు చేసుకొన్నాక, తాత అన్న మాటలో నిజమెంత అని వెతకడం మొదలుపెట్టాను.

జర్మనీలో గోట్లీబ్ డైమ్లర్ 1886లో తన పెట్రోలు ఇంజనును ఒక చిన్న పడవకు బిగించి నెక్కార్ నది మీద నడిపాడు. పెట్రోలు పేలుతుందని జనం జడిస్తే, పడవకు తీగలూ పింగాణీ గుళ్లూ తగిలించి, ఇది కరెంటు పడవ అని నమ్మించాడని ఒక కథ ఉంది. ఇంగ్లండులో అక్రాయిడ్ స్టూవర్ట్ 1890 ప్రాంతంలో చేసిన ఇంజను తీరు వేరు. సిలిండరు తల మీద ఒక ఇనుప బుడ్డి ఉంటుంది. ముందు దాన్ని మంటతో బాగా కాల్చాలి. ఇంజను నడవడం మొదలయ్యాక ఆ వేడికే చమురు అంటుకొంటూ ఉంటుంది. స్వీడన్‌లో బోలిండర్ కంపెనీ ఇలాంటి ఇంజన్లను పడవల కోసం చేసి పేరు తెచ్చుకొంది. 1897 నాటి రుడాల్ఫ్ డీజిల్ ఇంజనులో కాల్చే పని లేదు. గాలిని గట్టిగా అదిమితే పుట్టే వేడే చాలు.

మా బావి ఇంజను ఈ డీజిల్ వంశానిదే. ఇంగ్లండులోని డర్స్‌లీలో లిస్టర్ కంపెనీ 1930 ప్రాంతంలో తెచ్చిన నిదానపు ఇంజనుకు అది నకలు. 5 గుర్రాల శక్తి, నిమిషానికి 600 చుట్లు మాత్రమే. గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో దీని నకళ్లు పోశారు. కన్నతల్లి కంపెనీ మానుకొన్న తరువాత కూడా రాజ్‌కోట్‌లో పోత ఆగలేదు. పాత యంత్రాల మీద మోజున్న అమెరికా వాళ్లు వాటిని ఓడలకెత్తించి తెప్పించుకొన్నారు. వాళ్లకు పురావస్తువు, మన రైతుకు పనిముట్టు.

ఇదే పనితీరు గల ఇంజనును పడవలో పెట్టాలంటే మూడు మార్పులు కావాలి. వెనక్కు నడిపే గేరు ఒకటి. ప్రొపెల్లరు నీటిని వెనక్కు నెట్టినప్పుడు షాఫ్టు ఇంజను మీదికి తోసుకొస్తుంది కనుక, ఆ తోపును భరించే బేరింగు రెండోది. నది నీటితోనే ఇంజనును చల్లబరిచే ఏర్పాటు మూడోది. తాత చెవి అబద్ధం చెప్పలేదన్నమాట.

ఇంజను సంగతి తేలాక పడవ సంగతి పట్టుకొన్నాను. గోదావరి మీద కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తి చేయించాడు. దాని కాలువలు పొలాలకే కాదు, పడవలకూ దారులు. పైన గోదావరిని కూడా పడవల దారి చేయాలన్న ప్రయత్నాన్ని ప్రభుత్వం 1871లో వదులుకొంది. అయినా రాజమండ్రి నుంచి పాపికొండల నడుమ భద్రాచలం వైపు లాంచీలు తరతరాలు తిరిగాయి. 1973లో బాపు తీసిన ‘అందాల రాముడు’ చూసినవారికి ఆ ప్రయాణం కళ్ల ముందు ఉంటుంది.

నేను రాజమండ్రి పోయి ఒక పాత సరంగును కలుసుకొన్నాను. లాంచీలో సరంగు పైన, ఇంజను డ్రైవరు కింద. ఒకరి మాట ఒకరికి వినబడదు. సరంగు తాడు లాగితే కింద గంట మోగుతుంది, దాన్నిబట్టి డ్రైవరు గేరు మారుస్తాడు. కేరళ కాయళ్లలోని పడవల్లోనూ ఇదే పద్ధతి. ఎన్ని గంటలకు ఏమి అర్థమని అడిగితే ఆ పెద్దాయన నోటితో చెప్పలేక, బల్ల మీద వేళ్లతో కొట్టి చూపించాడు. చెయ్యికి గుర్తుంది, నోటికి లేదు. వచ్చేటప్పుడు ఒక మాట అన్నాడు: "కొత్త పడవ కారిందని కంగారు పడకు బాబూ, నీళ్లు తాగనియ్యి."

ఊరికి వచ్చి ఆరడుగుల నమూనా లాంచీ ఒకటి చేయించాను. మా వడ్రంగి తలుపులూ మంచాలూ చేసినవాడేగాని పడవ ఎరగడు. తుమ్మకొమ్మల్లో సహజంగా వంగినవి ఏరి పక్కటెముకలు చేశాడు. పలకల సందుల్లో దూది కూరి, నూనెలో కాచిన గుగ్గిలం పూశాము. సిమెంటు తొట్టిలో దించితే గంటలో మునిగింది. ఊరంతా నవ్వింది. సరంగు మాట తలచుకొని మూడు రోజులు నీళ్లలోనే వదిలేశాను. కొయ్య ఉబ్బింది, సందులు మూసుకొన్నాయి. నాలుగో రోజు తోడిపోస్తే మళ్లీ నీళ్లు రాలేదు. ఈ సంగతి నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

మా నది పేరుతోనే ఇప్పుడు ఒక ఓడ ఉంది. అజంతా గోడ మీది 5వ శతాబ్దపు బొమ్మను చూసి భారత నౌకాదళం గోవాలో కట్టించిన తెరచాప ఓడ అది. మేకులు లేవు, పలకలను కొబ్బరినార తాడుతో కుట్టారు. 2025 మే 21న కార్వార్‌లో దానికి కౌండిన్య అని పేరు పెట్టారు. ఆ పేరు తూర్పు సముద్రాలు దాటిపోయాడని చెప్పే పురాతన నావికుడిది. ఆ డిసెంబరు 29న అది పోరుబందరు నుంచి మస్కట్‌కు బయలుదేరింది. ఓడ నక్షా ఎక్కడా లేదు. నమూనాను మద్రాసు ఐ.ఐ.టి.లో పరీక్షించారు. కాని కుట్టింది మాత్రం బాబు శంకరన్ అనే కేరళ వడ్రంగి, ఆయన మనుషులు. బొమ్మ ఆకారం ఇచ్చింది. ఓడను తేల్చింది ఇంకా బతికి ఉన్న కుట్టుపని. 1500 ఏళ్ల నాటి ఓడ తిరిగి వచ్చిందంటే ఆ చేతుల వల్లనే. మన తాతలు ఎక్కిన లాంచీ నిన్నటిది; దాని చేతులు మాత్రం ఇవాళ ఒక్కొక్కటే వెళ్లిపోతున్నాయి.

చేతులతో పాటు మాటలూ పోతున్నాయి. మొన్న తమిళ బడిలో చదివే మా మనుమరాలిని చుక్కాని అంటే ఏమిటని అడిగాను. తెలియదంటుందని అనుకొన్నాను. "సుక్కాన్ కదా తాతా!" అంది. రెండు భాషలకూ ఆ మాట అరబ్బీ నావికులు ఇచ్చిందే. లంగరు, సరంగు పారశీకం నుంచి వచ్చాయి. లాంచీ అన్న ఇంగ్లీషు మాట పోర్చుగీసుల ద్వారా మలయ్ భాష నుంచి వచ్చిందంటారు. నీటి మీద మాటలకు పొలిమేరలు లేవు. గెంటేవాళ్లూ లేరు, అడిగేవాళ్లుంటే చాలు.

పోయిన ఇంజనును మళ్లీ పోయవచ్చు. కొయ్య దొరుకుతుంది. మీ ఇళ్లలో కాలువ పడవ లాగినవారో, లాంచీ ఇంజను నడిపినవారో ఉంటే, ఈ ఆదివారం వారి పక్కన కాసేపు కూర్చొని, వారు చెప్పిన మాటలు ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టండి. చెప్పలేకపోతే బల్ల మీద కొట్టి చూపించమనండి.