బయోడైవర్సిటీ జంక్షన్‌కి ఆ పేరెందుకు? మన ఆకులకి దానితో ఏం పని?



మేము హాస్టల్ పిల్లలం ఆదివారాలు క్యాటరింగ్ పనికి హైటెక్ సిటీ వైపు పోతుంటాం. కండక్టర్ "బయోడైవర్సిటీ, బయోడైవర్సిటీ" అని అరిస్తే దిగుతాం. రెండేళ్లుగా దిగుతున్నాం గానీ ఆ పేరు ఎందుకొచ్చిందని ఎప్పుడూ అడగలే. కాలేజీ ప్రాజెక్టు పుణ్యమా అని ఇప్పుడు తెలిసింది.

ప్రాజెక్టు నేలవేము ఆకు మీద. మాలో ఒకరి అవ్వ జ్వరానికి ఇచ్చే ఆకే. నీడలో ఎండబెట్టి, పొడి చేసి, సాక్స్‌లెట్‌లో మిథనాల్‌తో గంటల తరబడి సారం తీయాలి. మిథనాల్ ఆవిరైపోతే అడుగున జిగురు ముద్ద మిగులుతుంది. దాన్ని మళ్లీ కరిగించి, బ్యాక్టీరియా పూసిన అగార్ ప్లేటులో చిన్న గుంట చేసి పోస్తాం. పనిచేస్తే మర్నాటికి గుంట చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయం కనిపిస్తుంది. స్కేలు పెట్టి మిల్లీమీటర్లలో కొలుస్తాం. పక్కన ఆకు లేని ఒట్టి ద్రావణం పోసిన గుంట కూడా ఉండాలి, లేకపోతే చంపింది ఆకో ద్రావణమో తెలియదు. వలయం వచ్చిందంటే మందు దొరికినట్టు కాదు. విషమా కాదా, మోతాదు ఎంత, అవన్నీ ఇంకా ముందున్నాయి.

రికార్డులో ఆకు ఎక్కడిది అన్న చోట "స్థానికంగా సేకరించినది" అని రాయమన్నారు. అవ్వ పేరు రాయడానికి గడే లేదు. అక్కడి నుంచి మేము పాత సంగతులు వెతకడం మొదలుపెట్టాం.

చైనాలో 1971లో తూ యూయూ మలేరియాకి ఒక మొక్కను పరీక్షిస్తున్నారు. వేడి చేసి తీసిన సారం సరిగా పనిచేయలేదు. 4వ శతాబ్దపు వైద్యుడు గె హోంగ్ ఆ మొక్కను నీళ్లలో నానబెట్టి పిండి తాగమని రాశాడు, మరిగించమని కాదు. ఆమె ఈథర్‌తో తక్కువ వేడి మీద సారం తీశారు. అదే ఆర్టెమిసినిన్ మందుకు దారి చూపింది, 2015లో నోబెల్ వచ్చింది. గె హోంగ్ పేరు ఇప్పటికీ చెప్తారు, రాసిపెట్టాడు కాబట్టి. మన అవ్వలు రాయలేదు కదా.

రాయని వాళ్ల కథ కేరళలో ఉంది. 1987లో అగస్త్యమల కొండల్లో శాస్త్రవేత్తలకు దారి చూపిన కాణి తెగవాళ్లు ఏవో కాయలు నములుతూ అలసట లేకుండా నడిచారు. అడిగితే మొదట చెప్పలేదు, తెగ రహస్యం. తర్వాత చూపించిన మొక్క ఆరోగ్యపచ్చ. ల్యాబ్‌లో చూస్తే ఆకులోనూ గుణం ఉంది. దాంతో "జీవని" మందు తయారుచేసి, 1995లో కోయంబత్తూరు ఆర్య వైద్య ఫార్మసీకి 10 లక్షల ఫీజు, 2 శాతం రాయల్టీకి ఇచ్చారు. అందులో సగం కాణి వాళ్లకి. 1997లో వాళ్లకో ట్రస్టు కూడా పెట్టారు. ఆ తర్వాత ఆకు కోయడం మీద ఫారెస్టు వాళ్లతో చిక్కొచ్చింది. ఇది మనకేం కొత్త కాదు!

ఇట్లా వాటా ఇవ్వాలన్న మాటను మన దేశం 2002 జీవవైవిధ్య చట్టంలో పెట్టింది. ప్రపంచ దేశాలు 2010లో జపాన్‌లోని నగోయాలో ఒప్పందం చేసుకున్నాయి. 2012 అక్టోబర్ 8 నుంచి 19 దాకా ఆ దేశాలన్నీ జీవవైవిధ్య సదస్సుకి వచ్చింది మన హైటెక్ సిటీలోని హెచ్ఐసీసీకే. నగోయా ఒప్పందాన్ని భారత్ ఆమోదించింది కూడా ఆ రోజుల్లోనే. ఆ సదస్సు గుర్తుగా పెట్టిందే బయోడైవర్సిటీ పార్కు, దాని వల్లే జంక్షన్‌కి ఆ పేరు. అంటే మన అవ్వ ఆకు గురించి మాట్లాడిన చోటే మేము ప్లేట్లు ఎత్తుతున్నాం.

2023లో చట్టం మార్చి, గ్రంథాల్లో ఉన్న సంప్రదాయ జ్ఞానాన్ని వాడుకునేవాళ్లు వాటా ఇవ్వక్కర్లేదన్నారు. గ్రంథాల్లో లేకుండా నోటి మాటగానే ఉన్నదానికి ఆ మినహాయింపు రాదు. కానీ అది మనదేనని చూపించేదెట్లా? దానికి చట్టంలోనే ఒక దారి ఉంది. ప్రతి పంచాయతీకి జీవవైవిధ్య కమిటీ, అక్కడివాళ్లను అడిగి రాసే ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఉండాలి. అయితే అన్నీ రాసేస్తే దొంగలకు అడ్రస్ ఇచ్చినట్టేనని మాలో కొందరు గట్టిగా వాదించారు. ఆ భయం తప్పని మేము అనం. ఏది రాయాలో, ఏది దాచాలో ఊరే కూర్చుని తేల్చుకోవాలి.

ఈ సెలవుల్లో మేము మా పంచాయతీల్లో రిజిస్టర్ చూపించమని అడుగుతున్నాం. మీ దగ్గర చూసినవాళ్లుంటే అందులో ఏ మొక్కలున్నాయో, చెప్పినవాళ్ల పేర్లు రాశారో లేదో ఇక్కడ పెట్టండి.