కొరవి రాజ్యము – ఇల్లెందు గనులు: డోర్నకల్ సీమ పూర్వాపరములు

డోర్నకల్ జంక్షనులో రైలు దిగిన బాటసారికి ఈ యూరు ఇనుపపట్టాల కూడలిగనే తోచును. కాని యీ కూడలికి వాయవ్యమున కొరవి కలదు. ఈశాన్యమున ఇల్లెందు కలదు. మొదటిది వేయి యేండ్ల క్రిందట రాజులు పాలించిన తావు. రెండవది తెలుగుదేశమున బొగ్గు పరిశ్రమకు పుట్టినిల్లు. ఈ రెంటిని కలిపి చూచినగాని డోర్నకల్ చరిత్ర బోధపడదు.

తూర్పున వేంగీ చాళుక్యులును, పడమట రాష్ట్రకూటులును తలపడుచుండిన కాలమున ఈ సీమ ఆ యిరువురికిని సరిహద్దుగా నుండెను. వేంగి పక్షమున నిలిచిన ముదిగొండ చాళుక్యులు కొరవి నేలిరి. రాష్ట్రకూట రెండవ కృష్ణుడు వేంగిపై దండెత్తినపుడు కాకతీయ గుండన ఆ సేనలో పోరాడి మరణించెననియు, అతని కుమారుడు ఎఱ్ఱన కొరవికి అధికారి యయ్యెననియు చరిత్రకారులు చెప్పుదురు. ఓరుగల్లు వైభవమునకు తొలిమెట్టు కొరవి యన్న నతిశయోక్తి కాదు.

కొరవికి మరియొక ఘనత కలదు. అచటి శాసనమును పండితులు పదవ శతాబ్ది నాటిదిగా నిర్ణయించిరి. నన్నయ భారతమునకు పూర్వమే తెలుగు వచనము ఈ సీమలో రాతి కెక్కినది. ఇల్లెందు దారిలోని బయ్యారమున గణపతిదేవుని సోదరి మైలాంబ చెరువు త్రవ్వించి శాసనము వేయించెను. కాకతీయుల వంశక్రమమును తెలిసికొనుటకు అది ముఖ్యాధారము. రాజ్యములు పోయినవి, వ్రాతలు నిలిచినవి.

తరువాత పెక్కు శతాబ్దములు ఈ సీమ పేరు పెద్దగా వినబడలేదు. 1871లో భూగర్భ పరిశోధకుడు డాక్టర్ కింగ్ ఇల్లెందు ప్రాంతమున బొగ్గు పొరలను కనుగొనెను. 1886లో ఇంగ్లండున స్థాపితమైన హైదరాబాదు దక్కన్ కంపెనీ గనుల హక్కులు సంపాదించెను. 1889లో దాదాపు 60 వేల టన్నుల బొగ్గు వెలికి వచ్చినది. అదే యేట నిజాం రైలుమార్గము బెజవాడను చేరెను. ఇల్లెందు శాఖామార్గము ప్రధానమార్గమును కలిసికొను తావే డోర్నకల్. బొగ్గు బండ్లు వచ్చిన దారినే ఊరును పెరిగెను. అనంతరము ఇచట నెలకొన్న క్రైస్తవ పీఠమునకు వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1912లో అధ్యక్షుడయ్యెను. ఆంగ్లికన్ సంఘమున బిషప్ పదవి నందిన మొదటి భారతీయు డాయన.

గనుల కంపెనీ 1920లో, సమీప గ్రామము పేరుమీద, సింగరేణి కాలరీస్ కంపెనీ యయ్యెను. 1945లో అధికభాగము వాటాలను హైదరాబాదు ప్రభుత్వము కొనెను. క్రమముగా కంపెనీ ప్రధానస్థానము కొత్తగూడెమునకు మారెను. ఇల్లెందులోని పాత భూగర్భ గనులు చాలవరకు మూతపడినవి. గోదావరి తీరమున గనులు విస్తరించి సంస్థ పెద్దదయ్యెను. పుట్టినిల్లు మాత్రము చిన్నబోయెను.

ఇచట ఆలోచింపదగిన విషయ మొకటి కలదు. ఆ తొలి కంపెనీ వాటాల వ్యవహారముపై 1888లో బ్రిటిష్ పార్లమెంటు విచారణ సంఘమును నియమించెను. షేర్లు కొన్నవారి పేర్లు, అమ్మినవారి పేర్లు ఆ కాగితములలో భద్రముగా నున్నవి. కొరవి రాజుల పేర్లు రాతిలో నున్నవి. చీకటి గనిలోనికి దిగి, తట్టయు చెమ్మసును పట్టి టబ్బులు నింపిన తొలితరము కూలీల పేర్లు ఏ శిలపై నున్నవి? చుట్టుపట్ల పల్లెలనుండియు, దూరదేశములనుండియు వచ్చి ఈ సీమకు వెలుగు తెచ్చిన వారు వారే కదా!

బయ్యారపు కొండలలో ఇనుపరాయి కలదు. 2014 నాటి రాష్ట్ర పునర్వ్యవస్థీకరణ చట్టము ఖమ్మం జిల్లాలో ఉక్కు కర్మాగారపు సాధ్యతను పరిశీలింపవలె ననెను. బయ్యారమునకు అది గొప్ప యాశ యయ్యెను. కర్మాగారము మాత్రము రాలేదు. భూమి నుండి తీసిన సంపద ఒకనాటికి తరుగును. దానిని నమ్మి వెలసిన ఊరు ఆ సంపద యున్ననాడే విద్యను, జ్ఞాపకమును కూడబెట్టుకొనవలెను.

1904లో హనుమకొండ యందు వెలసిన గ్రంథాలయమునకు పెద్దలు రాజరాజనరేంద్రుని పేరు పెట్టిరి. భాషను కాచిన రాజును వారు మరువలేదు. ఈ సీమ గ్రంథాలయములు దానికి తోడు మరియొక పని చేయదగును. వృద్ధ కార్మికుల మాటలు, పాత జీతపు చీటీలు, రైల్వే కుటుంబముల ఛాయాచిత్రములు సేకరించి భద్రపరుపవలెను. నాడు రాజు లొక శాసనము వేయించుకొనిరి. శ్రమించిన వారికి శాసనము వేయించు భారము నేడు గ్రంథాలయములదే.