రేగడి నెర్రెలు, ఉక్కు మీద గాజు

ఎండాకాలం దర్శి చుట్టుపక్కల రేగడి చేలల్లో చెయ్యి దూరేంత నెర్రెలు పడతాయి. వానకు ఉబ్బిన మట్టి ఆరేసరికి ముడుచుకుపోతుంది. అడుగు పొర కదలదు, పై పొర సాగదు, ఇక పగలాల్సిందే. లోహానికి తుప్పు పట్టకుండా గాజు పూత వెయ్యబోయిన రసాయనవేత్తలకూ అచ్చం ఇదే చిక్కు వచ్చింది. విచిత్రమేమంటే, దాన్ని దాటే కిటుకు కూడా అప్పటికే మట్టిలో బయటపడి ఉంది.

ముందు గాజు సంగతి. 1845 ప్రాంతంలో ఎబెల్మెన్ అనే ఫ్రెంచి రసాయనవేత్త సిలికాన్ క్లోరైడును ఆల్కహాలుతో కలిపి ఒక ద్రవం చేశాడు. గాలిలో తేమ తగిలి అది మెల్లగా గట్టిపడి, తేటగా గాజులా అయింది. కొలిమితో పనే లేదు. పాలు తోడుకున్నట్టే అనుకోండి: సన్నని రేణువులు తేలే ద్రవం ‘సోల్’, అది పేరుకుంటే ‘జెల్’. ఈ వింతను పూతగా మార్చడానికి మాత్రం తొంభై ఏళ్లు దాటింది. 1939లో జర్మనీలోని షాట్ గాజు కంపెనీవాళ్లు గెఫ్కెన్, బెర్గర్ దాని మీద పేటెంటు తీసుకున్నారు.

అది గాజు మీద పూత. ఉక్కు మీద కథ వేరు. సోల్‌లో ముంచి తీస్తే శుద్ధ సిలికా పూత ఒక మైక్రాను, అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు మందం కూడా రాకముందే నెర్రెలిస్తుంది. పలచగా వేస్తే ఉప్పునీరు ఏదో ఒక సందు చూసుకుంటుంది. బోరు నీళ్లకు జీఐ పైపులు చిల్లులు పడటం చూసినవాళ్లకు ఆ సందు విలువ తెలుసు.

ఇప్పుడు మట్టి దగ్గరికి వద్దాం. 1807లో మాస్కోలో రూస్ అనే శాస్త్రవేత్త తడి బంకమట్టిలో రెండు గాజు గొట్టాలు గుచ్చి, నీళ్లు పోసి, వోల్టా బ్యాటరీ తగిలించాడు. ధన ధ్రువం వైపు గొట్టంలో నీరు బురదగా మారింది. మట్టి రేణువులకు రుణావేశం ఉంది, కరెంటు వాటిని లాక్కుపోయింది. ఇదే ఎలక్ట్రోఫోరెసిస్.

1960ల్లో ఫోర్డ్ కంపెనీ దీన్ని రంగు తొట్టిలోకి దించింది. కారు బాడీని తొట్టిలో ముంచి కరెంటిస్తే రంగు రేణువులే వెళ్లి అంటుకుంటాయి. అంటుకున్నచోట కరెంటుకు అడ్డు పడుతుంది కనుక మిగతావి ఇంకా రంగు పట్టని మూలలు వెతుక్కుంటాయి. ఏ పెయింటరు చెయ్యీ అంత నిక్కచ్చిగా తిరగదని నా నమ్మకం.

గాజు సోల్, కరెంటు పూత అనే ఈ రెండు దారులూ తర్వాత కలిశాయి. 2000 దాటాక మాడ్రిడ్‌లో యోలాండా కాస్ట్రో, అలీసియా దురాన్ బృందం స్టెయిన్‌లెస్ స్టీలును సిలికా సోల్‌లో ముంచి కరెంటిచ్చింది. రేణువులు ముందే దగ్గరగా పేరుకుంటాయి కాబట్టి ఆరేటప్పుడు పోవాల్సిన ద్రవం తక్కువ, ముడుచుకోవడమూ తక్కువ. సోల్‌లో కలిపిన సేంద్రియ భాగం పూతకు కాస్త సాగే గుణమిస్తుంది. ముంచి తీసినదానికన్నా మందమైన పూత నెర్రె లేకుండా నిలిచింది. ఇబ్బంది లేకపోలేదు: సోల్‌లో నీళ్లెక్కువైతే కరెంటుకు బుడగలు లేచి పూతలో సూదిబెజ్జాలు పడతాయి. అందుకే ఆల్కహాలును నమ్ముకుంటారు.

మన దగ్గర హైదరాబాదు బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ అనే పరిశోధన సంస్థలో సోల్-జెల్ పూతలకే ఒక కేంద్రం ఉంది. క్యాన్సరు తెచ్చే క్రోమేటు పూతలకు బదులుగా, తుప్పును ఆపే మందును సన్నటి గొట్టాల్లో నింపి పూతలో కలపడం అక్కడ చేసిన పనుల్లో ఒకటి. ఆ గొట్టాల పేరు హాలోయ్‌సైట్. అదీ ఒక రకం బంకమట్టే.