ఊరి అప్పు, ఊరి పరువు



పోయిన మీటింగులో నల్లా నీళ్ళ మాట వచ్చినప్పుడు ఒక తమ్ముడు లేచి అడిగాడు: "హైదరాబాదోళ్ళు బాండ్లు వేసి ఫ్లైఓవర్లు కట్టుకున్నరు. మన భివండి కార్పొరేషన్ ఎందుకు వెయ్యది?" వెంటనే వెనక కుర్చీలో ఉన్న పెద్దాయన, "అప్పు చేసి పప్పు కూడు మనకొద్దు బిడ్డా" అన్నారు. అందరూ నవ్వారు. టైమైపోయిందని మీటింగు ముగించాం. ఆ ఇద్దరి మాటా మమ్మల్ని వారం రోజులు వదల్లేదు. అందుకే ఈ పోస్టు. పొడుగవుతుంది, చాయ్ పెట్టుకుని కూర్చోండి.

ఎప్పటిలాగే ముందు ఒక మనవి. మేము సేలం వైపు మగ్గాల ఇంట్లో పుట్టినవాళ్ళం. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. తెలుగు అక్షరాలు మాకు మీ మధ్యకు వచ్చాకే సరిగా పట్టుబడ్డాయి. తప్పులుంటే దిద్దండి.

ముందు బాండు అంటే ఏమిటో మన హాలుతోనే చెబుతాం. పై అంతస్తు వేసేటప్పుడు సంఘం దగ్గర డబ్బు లేదు. చందాలు అడిగి అడిగి విసిగిపోయి, చివరకు 500 రూపాయల రసీదులు కొట్టించాం. చందా కాదు, అప్పు. ఏటా నూటికి ఆరు వడ్డీ, హాలు కిరాయి వచ్చేకొద్దీ లాటరీ తీసి అసలు తిరిగి ఇవ్వాలి. సాంచాలు నడిపేవాళ్ళు, కండెలు చుట్టే ఆడవాళ్ళు కూడా ఒక్కో రసీదు తీసుకున్నారు. రిజిస్టరు రాసే పని రైల్వే గుమాస్తా అని మాకు అప్పజెప్పారు. మునిసిపల్ బాండు కూడా అంతే. ఊరికి నీళ్ళ పైపు కావాలి, మురికి కాలువ కావాలి. అది నలభై యాభై ఏళ్ళు పనికొచ్చే వస్తువు. దాని ఖర్చంతా ఈ ఏడాది పన్ను కట్టేవాడి నెత్తిన వేస్తే వాడు మోయలేడు. అందుకని పదేళ్ళకు అప్పు తెచ్చి, ఆ నీళ్ళు తాగేవాళ్ళంతా ఏటా కొంత కొంత కడతారు. ఇల్లు కట్టుకోవడానికి చేసే అప్పు వేరు, పెళ్ళి భోజనాలకు చేసే అప్పు వేరు. పెద్దాయన చెప్పిన సామెత రెండోదానికి సరిగా సరిపోతుంది.

ఇది కొత్త సంగతేమీ కాదు. మన తాలూకా మీదుగా పోయే పెద్ద నల్ల పైపులు మీరందరూ చూసినవే. శహాపూర్ తాలూకాలోని తాన్సా చెరువు నీళ్ళు వాటిలో బొంబాయికి పోతాయి. తాన్సా ఆనకట్ట 1892లో పూర్తయింది. అంత పని బొంబాయి మునిసిపాలిటీ ఆ ఏడాది పన్నులతో చెయ్యలేదు, అప్పు తెచ్చే చేసింది. ఆ అప్పు ఎప్పుడో తీరిపోయింది. నీళ్ళు మాత్రం ఇప్పటికీ పోతున్నాయి. మన గడప ముందు నుంచే పోతున్నాయి.

తర్వాత 1896లో మాండ్వీ దగ్గర ప్లేగు పుట్టింది. బొంబాయి సగం ఖాళీ అయింది. ఇరుకు చాళ్ళు, గాలి లేని గల్లీలు రోగానికి కారణమని సర్కారు 1898లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు పెట్టింది. ఆ ట్రస్టు డిబెంచర్లు అమ్మి డబ్బు తెచ్చి శాండ్‌హర్స్ట్ రోడ్డు వేసింది, దాదర్, మాటుంగా లేఅవుట్లు తీసింది. మంచి రోడ్లే. కానీ ఒక చెడ్డ సంగతి కూడా చెప్పాలి. కూల్చిన గదుల్లో ఉన్న కూలిజనానికి కట్టిన కొత్త గదులు చాలలేదు. అప్పు ఇచ్చినవాడికి వడ్డీ అందింది, ఇల్లు పోయినవాడు ఇంకో ఇరుకు చాలికి పోయాడు. ఆ కాలంలో బొంబాయి రోడ్లకు, మేడలకు రాళ్ళు మోసినవాళ్ళలో నిజాం ఇలాకా నుంచి వచ్చిన మన తెలుగువాళ్ళు, కామాఠీలు ఉన్నారు. కామాఠిపురా పేరు వాళ్ళదే. రోడ్డు ఎవరి డబ్బుతో వేశారన్నది ఎంత ముఖ్యమో, ఎవరి ఇంటి మీదుగా వేశారన్నదీ అంతే ముఖ్యం.

ఇక మా రైల్వే కథ. 1853 ఏప్రిల్ 16న బోరీబందర్ నుంచి ఠాణాకు మొదటి బండి నడిచింది. ఆ లైను వేసిన జీఐపీ కంపెనీ డబ్బు ఇంగ్లాండు వాటాదారులది. వాళ్ళకు ఏటా నూటికి ఐదు తప్పకుండా వస్తుందని సర్కారు గ్యారంటీ ఇచ్చింది. లాభం తగ్గితే మిగతాది హిందూస్థాన్ ఖజానా నుంచి కట్టాలి. ఏమైంది? ఖర్చు ఎంతైనా వాటాదారుడికి బాధ లేదు, వాడు లెక్క అడగలేదు. లైను మైలుకు అయిన ఖర్చు పెరిగిపోయింది, ఇక్కడి రైతు కట్టాడు. ఈ పాఠం గుర్తుంచుకోండి. గ్యారంటీ ఎవడో ఇంకొకడు ఇస్తే, లెక్కల పుస్తకం ఎవరూ తెరవరు.

స్వాతంత్య్రం వచ్చాక చాలా కాలం మన ఊళ్ళు ప్రభుత్వం గ్రాంటు మీదా, ప్రభుత్వ సంస్థల అప్పు మీదా బతికాయి. 1997లో బెంగుళూరు 125 కోట్ల బాండ్లు వేసింది, కర్ణాటక ప్రభుత్వం గ్యారంటీతో. 1998 జనవరిలో అహ్మదాబాద్ 100 కోట్ల బాండ్లు వేసింది, ఏ గ్యారంటీ లేకుండా. మన దేశంలో అదే మొదటిసారి.

అహ్మదాబాద్ సంగతి మన మగ్గాలవాళ్ళకు దగ్గరిది, అందుకని కొంచెం ఆగి చెబుతాం. అది మిల్లుల ఊరు. ఎనభైల్లో అక్కడ మిల్లులు వరుసగా మూతపడ్డాయి. ఇక్కడ బొంబాయిలో 1982 సమ్మె తర్వాత మిల్లులు కూలితే ఆ గుడ్డ పని భివండి సాంచాలకు వచ్చింది కదా, అదే కాలం. తొంభైల మొదట్లో అహ్మదాబాద్ కార్పొరేషన్ నష్టాల్లో మునిగింది. 1994లో కేశవ్ వర్మ అనే కమిషనర్ వచ్చాడు. ఆయన ముందు బాండ్ల జోలికి పోలేదు. జకాత్ నాకాల్లో దొంగ బిల్లులు ఆపాడు, ఘర్‌పట్టీ ఎగ్గొట్టే పెద్దవాళ్ళ దగ్గర వసూలు మొదలుపెట్టాడు, లెక్కలు సరిచేయించాడు. రెండు మూడేళ్ళలో నష్టం పోయి మిగులు కనబడింది. 1996లో క్రిసిల్ ఆ కార్పొరేషన్‌కు రేటింగు ఇచ్చింది. ఆ తర్వాతే బాండు. అప్పు ఇచ్చేవాళ్ళకు భరోసాగా కొన్ని జకాత్ నాకాల వసూలును వేరే ఖాతాలో పెట్టి, ముందు బాండ్ల వడ్డీ, తర్వాతే మిగతా ఖర్చు అని ఒప్పందం రాశారు. ఆ డబ్బు నీళ్ళకు, డ్రైనేజీకి పోయింది.

చూడండి, అక్కడ వరుస ఏమిటి? ముందు వసూలు, తర్వాత లెక్క, తర్వాత పేరు, ఆఖరున అప్పు.

సూరత్ కూడా అంతే. అక్కడా మన తెలుగు నేతగాళ్ళు వేల కుటుంబాలున్నాయి. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో సూరత్ ఖాళీ అవుతుంటే ఆ జనంతో నిండి వచ్చిన బళ్ళను మేము చూశాం. ఆ మరుసటి ఏడాది వచ్చిన కమిషనర్ ఎస్.ఆర్. రావు కాలంలో ఊరి చెత్త కదిలింది. ఆ ఊరు బాండు వేసింది మాత్రం 2019లో, 200 కోట్లకు. పేరు సంపాదించడానికి అన్నేళ్ళు పట్టింది.

ఇప్పుడు తమ్ముడు అడిగిన హైదరాబాద్. అక్కడ 2003లోనే 82.5 కోట్ల బాండ్లు వేశారు. 2015లో సెబీ రూల్సు వచ్చాక 2017లో పుణె నీళ్ళ స్కీముకు 7.59 శాతం వడ్డీకి 200 కోట్లు తెచ్చింది. జీహెచ్ఎంసీ 2018 ఫిబ్రవరిలో 200 కోట్లు 8.90 శాతానికి, అదే ఏడాది ఆగస్టులో 195 కోట్లు 9.38 శాతానికి, 2019లో 100 కోట్లు 10.23 శాతానికి తెచ్చింది. రోడ్లకు, ఫ్లైఓవర్లకు ఆ డబ్బు. మూడు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఏడాదిన్నరలో వడ్డీ ఎంత పెరిగిందో! బజారులో అందరికీ వడ్డీలు అటూ ఇటూ అవుతాయి, నిజమే. కానీ 100 కోట్ల మీద ఒక్క శాతం తేడా అంటే ఏటా కోటి రూపాయలు. పదేళ్ళకు పది కోట్లు. విశాఖపట్నం 2018 చివర్లో 80 కోట్లు తెచ్చింది. అదే ఏడాది ఆగస్టులో అమరావతి కోసం సీఆర్డీఏ 2000 కోట్లు 10.32 శాతానికి తెచ్చింది, రాష్ట్రం గ్యారంటీతో. 2019 తర్వాత అక్కడ పనులు ఆగాయి. వడ్డీ ఆగలేదు. పార్టీల గొడవ మాకొద్దు, గుమాస్తా లెక్క మాత్రం చెబుతున్నాం: ప్రభుత్వం మారినా పని ఆగుతుంది గానీ బాండు ఆగదు.

మరి చిన్న ఊళ్ళు? ఇక్కడ మా తమిళ చదువు పనికొచ్చింది. 2002 ప్రాంతంలో తమిళనాడులో 13 చిన్న పట్టణాలు విడివిడిగా బాండు వెయ్యలేక ఒకే మూటగా కలిసి, రాష్ట్రం పెట్టిన ఒక నిధి ద్వారా 30 కోట్లకు పైగా తెచ్చుకున్నాయి, నీళ్ళకూ డ్రైనేజీకీ. మన చిట్టీ లాగే, పది మంది కలిస్తే ఒకరికి లేని పరపతి అందరికీ వస్తుంది. సెయింట్ థామస్ మౌంట్ పక్కన ఆలందూర్ ఇంకో దారి చూపింది. భూగర్భ డ్రైనేజీకి ఇంటింటికీ 5000 రూపాయలు ముందుగా డిపాజిట్ కట్టమన్నారు. జనం కట్టారు. గుంతలు తవ్వకముందే కట్టారు! మనకు కలిసి నడిచే అలవాటు లేదనకండి. ఠాణా, మీరా-భాయిందర్‌లతో కలిసి మనకు నీళ్ళు ఇచ్చే స్టెమ్ సంస్థ అలాంటి పొత్తే కదా.

ఇక మన ఊరు. బాండు వేసిన ఊళ్ళలో భివండి పేరు మాకు ఇంతవరకు కనబడలేదు. ఎందుకో ఆలోచించండి. జకాత్ పోయింది, దాని వెనక వచ్చిన ఎల్‌బీటీ పోయింది, 2017 జూలైలో జీఎస్టీ వచ్చాక దాని బదులు రాష్ట్రం ఇచ్చే పరిహారం వస్తోంది. ఊరు తన చేతితో తాను సంపాదించేదంటే ముఖ్యంగా ఘర్‌పట్టీ, పాణీపట్టీ. బాండు కొనేవాడు మొదట అడిగే ప్రశ్న: "మీ ఊళ్ళో నూరు ఇళ్ళకు పట్టీ వేస్తే ఎన్ని ఇళ్ళు కడతాయి?" ముందటి మూడేళ్ళ లెక్కలు ముందు పెట్టాలి. అక్కడ కార్పొరేషన్‌ను ఒక్కదాన్నే నిలబెట్టడం లేదు, మనల్నీ నిలబెడుతున్నారు.

ఇప్పుడు సిగ్గుతో ఒక మాట. మేము మూడేళ్ళు ఘర్‌పట్టీ కట్టలేదు. పింఛను వస్తుంది, కట్టలేక కాదు. అభయ్ యోజన వస్తుంది, వడ్డీ మాఫీ అవుతుంది, అప్పుడు కడదాం అని ఆగాం. పక్కింటాయన ఆగాడు, ఆయన్ని చూసి మేము ఆగాం, మమ్మల్ని చూసి ఇంకెవరో ఆగి ఉంటారు. ఆ మూడేళ్ళూ ట్యాంకరుకు మాత్రం నగదు లెక్కపెట్టి ఇచ్చాం. మా ఆవిడ ఒకరోజు రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి, "పట్టీ కన్నా ట్యాంకరుకే ఎక్కువ పోసినం, చూసుకోండి" అంది. ముప్పై ఏళ్ళు లెక్కలు రాసిన మేము ఆ లెక్క చెయ్యలేదు.

మన హాలు రసీదుల సంగతితో ముగిస్తాం. అన్నీ తీర్చేశాం అనుకుని రిజిస్టరు కట్టగట్టి అటక మీద పెట్టాం. 11 ఏళ్ళ తర్వాత ఒక ఆడమనిషి వచ్చింది. భర్త సాంచాల మీద పని చేసేవాడు, పోయాడు. పెట్టె సర్దుతుంటే ఈ చీటీ దొరికిందని, ఇది చెల్లుతుందా అని అడిగింది. అడగడానికే భయపడుతోంది. రిజిస్టరు దింపి దుమ్ము దులిపి చూశాం. నంబరు ఉంది, పేరు ఉంది, "చెల్లించలేదు" అని మా చేతిరాత ఉంది. వడ్డీతో సహా అదే సాయంత్రం ఇచ్చాం. మరుసటి ఏడాది వంటగది షెడ్డుకు మళ్ళీ రసీదులు వేస్తే రెండు వారాల్లో అయిపోయాయి. మొదటిది ఆ అమ్మే తీసుకుంది.

తమిళంలో అప్పును కడన్ అంటారు. అదే మాటకు కర్తవ్యం అనే అర్థం కూడా ఉంది. మన తెలుగులో ఋణం అన్నా అంతే, తల్లిదండ్రుల ఋణం అంటాం, ఊరి ఋణం అంటాం.

కాబట్టి తమ్ముడికి మా జవాబు: బాండు మంచిదే, కానీ అది ఆఖరి మెట్టు, మొదటిది కాదు. పెద్దాయనకు జవాబు: పప్పు కూడుకు వద్దు, పైపుకు వద్దనకండి. 2023లో ఇందోర్ కార్పొరేషన్ వెయ్యి రూపాయల బాండ్లు మామూలు జనానికి అమ్మింది, కనీసం పది తీసుకోవాలి. నర్మద నీళ్ళు తోడే కరెంటు కోసం సోలార్ ప్లాంటుకు ఆ డబ్బు. అడిగినదానికి ఐదు రెట్లకు పైగా వచ్చింది. అలాంటి కాగితం మీద ఒకరోజు మన ఊరి పేరు చూసి, పింఛనులోంచి పది కొనాలని మాకు ఆశ.

దానికి ముందు చేయాల్సింది ఒకటుంది. మా బాకీ పోయిన నెల కట్టేశాం, మాఫీ కోసం ఆగకుండా, వడ్డీతో సహా. వచ్చే ఆదివారం మీటింగుకు మా పావతి తెస్తాం. మీ మీ పావతులు మీరూ తెండి. గల్లీవారీగా ఒక రిజిస్టరు రాద్దాం. అది చేతిలో పట్టుకుని కార్పొరేషన్‌కు పోయి, మేము ఇంత కట్టాం, మా లైనుకు నీళ్ళు ఎప్పుడు అని అడుగుదాం. రాయడానికి మేము సిద్ధం. చేతిరాత ఇంకా బాగానే ఉంది.