తెలుగు యూదులు (బెనె ఎఫ్రాయీము)

చెదిరిపోయిన ఇశ్రాయేలు గోత్రాల్లో ఎఫ్రాయీము సంతతి తామేనని చెప్పుకునే చిన్న తెలుగు సమాజం బెనె ఎఫ్రాయీము. మచిలీపట్నంలోనూ, గుంటూరు జిల్లా చేబ్రోలు పక్కనున్న కొత్తరెడ్డిపాలెంలోనూ ఈ కుటుంబాలున్నాయి. మాదిగ కులం నుంచి బాప్టిస్టు సంఘంలో చేరిన వారి వారసులు వీరు. యాకోబి సోదరులు షమూయేలు, సాదోకుల చొరవతో 1980ల నుంచి యూదు ఆచారాల వైపు మళ్లారు. సమాజమందిరం కట్టుకున్నారు; శనివారం విశ్రాంతి దినం.

అయితే యూదుడు ఎవరు? ఈ గీత గీయడానికి ప్రాచీన ధర్మశాస్త్రం పరదేశి గురించే చాలా మాట్లాడింది. సున్నతి చేయించుకున్న పరదేశి పస్కా తినవచ్చునంటుంది నిర్గమకాండం. చచ్చిన పశువు మాంసం దగ్గర మాత్రం గ్రంథానిది ఒకే మాట కాదు. ఇశ్రాయేలీయులు దాన్ని తినకూడదు, పరదేశికి ఇవ్వవచ్చునని ద్వితీయోపదేశకాండం. ఎవరు తిన్నా మైలేనని లేవీయకాండం. తర్వాతి రబ్బీలు బయటివారికి నోవహు పేరిట ఏడు ఆజ్ఞలు చాలన్నారు: విగ్రహారాధన, దైవదూషణ, హత్య, వ్యభిచారం, దొంగతనం, బతికున్న జంతువు నుంచి కోసిన మాంసం కూడవు, న్యాయస్థానాలు ఉండాలి. విశ్రాంతి దినం ఆ ఏడింటిలో లేదు. బయటివారికి అక్కర్లేదన్నదే లోపలివారి గుర్తుగా నిలిచింది.

ఆంధ్ర తీరంలోనూ చచ్చిన గొడ్డు మాంసమే గీత అయింది. 1860ల్లో ఒంగోలు వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ మాదిగ విశ్వాసులకు పెట్టిన నియమాలు మూడే: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువును తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వెట్టికి పిలిచే ఊరి పెద్దలకు మొదటిదే మింగుడుపడలేదు.

బెనె ఎఫ్రాయీము నాయకులు ఈ చరిత్రను తిరగేసి చదివారు. మాంసాహారంతో సహా మాదిగల పాత అలవాట్లు ఇశ్రాయేలు ఆచారాల శేషాలేనని వారి వాదన. దానికి చారిత్రక ఆధారాలు బలహీనం. కులం అంటగట్టిన హీనతకు ఇదొక జవాబన్న సంగతి మాత్రం కాదనలేం. పరిశోధకులు యూలియా ఎగోరోవా, షాహిద్ పర్వేజ్ 2013లో వెలువరించిన పుస్తకం ఈ కోణాన్నే పట్టుకుంది.

గుర్తింపు వేరే సంగతి. మణిపూర్, మిజోరంలలోని బ్నె మెనాషే అనే సమాజాన్ని ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీ ష్లోమో అమార్ 2005లో ఇశ్రాయేలు సంతతిగా ఒప్పుకున్నారు. తెలుగువారికి అది దక్కలేదు. ఇక్కడి చట్టమూ గీత గీస్తుంది: 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు, తర్వాతి సవరణలతో కలిపి, హిందువులు, సిక్కులు, బౌద్ధులకే ఆ హోదా ఇస్తుంది. కాగితాల మీద యూదుడినని రాసుకున్న మాదిగకు అది ఉండదు.