మగ్గం వర్క్ (పల్నాడు)

కర్రల చట్రానికి బిగించి కట్టిన గుడ్డ మీద, మొనకు కొక్కెం ఉన్న సూదితో దారం, జరీ, పూసలు, చమ్కీలు, కుందన్ రాళ్లు కుట్టే చేతిపనిని మగ్గం వర్క్ అంటారు. నరసరావుపేట, మాచర్ల, గురజాల, పిడుగురాళ్ల పట్టణాల్లో పెళ్లి జాకెట్ల వల్ల ఈ పని తెలియని ఇల్లు లేదు. పారిస్‌లో ‘ఓట్ కుట్యూర్’ పేరుతో ఒక్కో మనిషి కొలతకు చేత్తో తయారుచేసే అత్యంత ఖరీదైన దుస్తుల మీద మెరిసేదీ చాలాసార్లు ఈ కోవకు చెందిన కుట్టే. అక్కడ దాన్ని కళ అంటున్నారు, ఇక్కడ ‘వర్క్’ అంటున్నాం.

పేరు

నేత మగ్గానికీ దీనికీ పని రీత్యా సంబంధం లేదు. నేత మగ్గం మీద గుడ్డ తయారవుతుంది, ఈ మగ్గం మీద తయారైన గుడ్డకు అలంకారం జరుగుతుంది. గుడ్డను నాలుగు వైపులా లాగి కట్టే చట్రానికి తెలుగువాళ్లు మగ్గం అని పేరు పెట్టుకున్నారు. ఉత్తరాదిన దాన్నే అడ్డా, కార్చోబ్ అంటారు. సూది పేరు ఆరీ. లోహపు తీగతో చేసే కుట్టు పేరు జర్దోసీ, అది పారశీకం నుంచి వచ్చిన మాట: జర్ అంటే బంగారం, దోజీ అంటే కుట్టడం. కారీగర్ (చేతిపనివాడు), దబ్కా, నక్షీ, సల్మా, కట్‌దానా (తీగ, పూసల రకాలు) వంటి మాటలు చాలావరకు నవాబుల కార్ఖానాల దారిలో వచ్చి తెలుగు నోళ్లలో కలిసిపోయాయి.

పని జరిగే తీరు

జాకెట్ ముక్కను కత్తిరించక ముందే పని మొదలవుతుంది. మెడ, వీపు, చేతుల కొలతలు గుడ్డ మీద గీసుకుంటారు. డిజైన్‌ను ట్రేసింగ్ కాగితం మీద వేసి, గీత వెంట సూదితో సన్నటి చిల్లులు పొడుస్తారు. ఆ కాగితాన్ని గుడ్డ మీద పరిచి, కిరోసిన్‌లో కలిపిన తెల్లపొడిని పీలికతో రుద్దితే చిల్లుల్లోంచి దిగి చుక్కల గీత పడుతుంది. కిరోసిన్ ఆరిపోతుంది, గీత నిలుస్తుంది.

తర్వాత గుడ్డను మగ్గానికి ఎక్కిస్తారు. వేలితో మీటితే డప్పులా మోగేంత బిగువుగా ఉండాలి. వదులైతే కుట్టు ముడుచుకుంటుంది.

కుట్టేవాళ్లు మగ్గం కిందికి మోకాళ్లు పెట్టి కూర్చుంటారు. కుడిచేతిలో సూది గుడ్డకు పైన, ఎడమచేతిలో దారం గుడ్డకు కింద. సూది దిగగానే కింది చెయ్యి దారాన్ని కొక్కేనికి తగిలిస్తుంది. సూదిని చిన్న మెలిక తిప్పి పైకి లాగితే ఒక ఉచ్చు వస్తుంది. అదే ఉచ్చులోంచి సూది మళ్లీ దిగి ఇంకో ఉచ్చును తెస్తుంది. ఇలా సాగేదే గొలుసు కుట్టు. మెలిక తప్పితే కొక్కెం దారానికి బదులు గుడ్డ పోగును పట్టుకుంటుంది. పట్టు మీద లేచిన ఆ పోగును సరిచేయడం ఎవరి వల్లా కాదు. వరుస చివర ముడి వేయడం మరిచిపోతే ఒక్క లాగుకు మొత్తం ఊడివస్తుంది. చూసేవాళ్ల కన్ను పై సూది మీదే ఉంటుంది గానీ నేర్పంతా కింది చేతిదే. కుట్టే మనిషికి కూడా అది కనిపించదు, వేళ్లే లెక్క పెట్టుకోవాలి.

జర్దోసీకి మామూలుగా ఆరీ వాడరు. స్ప్రింగులా చుట్టిన సన్నటి లోహపు తీగను కావలసిన పొడవుకు ముక్కలు చేసి, మామూలు సూదికి పూసలా గుచ్చి కుడతారు. ముక్క పొడవు కాస్త ఎక్కువైతే ఉబ్బుతుంది, తక్కువైతే కింది దారం కనిపిస్తుంది. కొలబద్ద ఎవరూ వాడరు, కంటితోనే కొలత.

సూది చేసిన ప్రయాణం

గుజరాత్‌లోని కచ్ ప్రాంతంలో మోచీలు, అంటే చెప్పులు కుట్టేవాళ్లు, తోలు కుట్టే కొక్కెపు ఆరెను సన్నబరిచి పట్టు మీద వాడారు. మోచీ భరత్ అనే కుట్టు ఆ చేతుల నుంచే వచ్చింది. 18వ శతాబ్దంలో ఈ పద్ధతి తూర్పు దేశాల నుంచి ఐరోపా చేరింది. డోలులా బిగించిన చట్రం మీద కుట్టేది గనుక ఫ్రెంచివాళ్లు దాన్ని డోలు అనే అర్థమున్న ‘తాంబూర్’ పేరుతో పిలిచారు. 1770లో సాంతోబాన్ అనే ఫ్రెంచివాడు రాసిన కుట్టుపని గ్రంథంలో ఈ పద్ధతి వివరంగా ఉంది. తర్వాతి శతాబ్దంలో ఫ్రాన్స్‌లోని లూనెవిల్ ఊరివాళ్లు పూసలను ముందే దారానికి ఎక్కించి, గుడ్డను తలకిందులుగా బిగించి కుట్టడం మొదలుపెట్టారు. అక్కడ కుట్టే మనిషికి ఎదురుగా ఉండేది గుడ్డ వెనుక వైపు. మన మగ్గం మీద ముఖం వైపే పైకి ఉంటుంది. రెండు చోట్ల పనికీ ఉన్న ముఖ్యమైన తేడా ఇదే.

ఓట్ కుట్యూర్ అన్న పేరుకు 1945 నుంచి ఫ్రాన్స్‌లో చట్ట రక్షణ ఉంది. ఆ దుస్తుల సంస్థలకు కుట్టుపని చేసిపెట్టే లెసాజ్ సంస్థ 1924లో మొదలై, 2002లో షనెల్ అనే ఫ్యాషన్ సంస్థ చేతికి వచ్చింది. ఆ కుటుంబానికే చెందిన జాన్ ఫ్రాన్స్వా లెసాజ్ 1993లో వస్త్రకళ అనే కుట్టుపని సంస్థను పెట్టింది మన పక్కనున్న చెన్నైలో. మార్చి 30, 2023న డియోర్ అనే ఫ్యాషన్ సంస్థ ముంబయి గేట్‌వే ఆఫ్ ఇండియా ముందు ప్రదర్శన జరిపింది. ముంబయిలోని చాణక్య సంస్థ కుట్టించిన భారీ తోరణం దానికి ముఖద్వారం. పారిస్ కుట్యూర్ వారానికి పిలుపు అందుకున్న తొలి భారతీయ డిజైనర్ రాహుల్ మిశ్రా 2020 జనవరిలో అక్కడ చూపిందీ ప్రధానంగా చేతి కుట్టే.

ఆ దుస్తుల మీద సంస్థ పేరు ఉంటుంది, కారీగర్ పేరు ఉండదు. ముంబయి కుట్టుపని గదుల పరిస్థితులు మెరుగుపరచడానికి కొన్ని పెద్ద ఫ్యాషన్ సంస్థలు 2016లో ‘ఉత్థాన్’ అనే ఒప్పందం చేసుకోవాల్సి వచ్చిందంటే, అంతకుముందు అక్కడ ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు.

పల్నాడులో

ఇక్కడ ఈ పని పంచాంగాన్ని బట్టి నడుస్తుంది. ఆషాఢంలో పెళ్లిళ్లు లేకపోయినా మగ్గాలకు తీరిక ఉండదు, శ్రావణం ముహూర్తాల జాకెట్లు అప్పుడే మగ్గం ఎక్కుతాయి. మాఘంలో, మిరప కోతలై డబ్బు చేతికొచ్చే వేసవిలో మళ్లీ ఒత్తిడి. దుకాణాల వెనక గదుల్లో కారీగర్లు, ఇళ్లలో పని నేర్చుకున్న ఆడవాళ్లు కుడతారు. ఇంట్లో చేసే వాళ్లకు గంటల లెక్క లేదు, జాకెట్టుకు ఇంత అని మాట్లాడుకోవడమే. మెడ వంగి, కళ్లు చిట్లించి గడిపిన పూటలకు ఆ లెక్కలో చోటు దొరకడం అరుదు.

మాచర్ల, వెల్దుర్తి, దుర్గి, బొల్లాపల్లి మండలాల సుగాలీ తండాలది వేరే కుట్టు. దానికి మగ్గం లేదు, ట్రేసింగ్ లేదు. గుడ్డను ఒళ్లో పెట్టుకుని, అద్దాలు, గవ్వలు, రంగు దారాలతో కాంచళి (రవిక), పేటియా (పావడా), ఓణీ అలంకరించుకోవడం పెద్దవాళ్ల నుంచి పిల్లలకు వచ్చిన విద్య. సుగాలీలనే లంబాణీలని పిలిచే కర్ణాటకలో సండూరు లంబాణీ కుట్టుకు 2010లో భౌగోళిక సూచిక (జీఐ) గుర్తింపు దక్కింది. పల్నాడులోనే దుర్గి రాతి చెక్కడాలకూ ఆ గుర్తింపు ఉంది. మన తండాల కుట్టును కూడా అదే శ్రద్ధతో పట్టించుకోవాల్సింది. ఆ దుస్తులు రోజూ కట్టే తరం తగ్గిపోతోంది.

ఇప్పుడు మగ్గానికి పోటీ కంప్యూటర్ ఎంబ్రాయిడరీ. అది తక్కువ ధరకు, తొందరగా అవుతుంది. తక్కువ డబ్బుతో ముచ్చట తీర్చుకునేవాళ్లకు అది తప్పు కాదు. మరమీద కుట్టి చేతిపని అని అమ్మడం మాత్రం మోసం. గుర్తుపట్టడం తేలిక: జాకెట్టును తిరగేసి లోపల చూడండి. ఆరీ గొలుసు వెనక ఒకే దారం వరుసగా నడుస్తుంది, అక్కడక్కడ ముడి కనిపిస్తుంది. మరకుట్టు వెనక బాబిన్ దారం ఒత్తుగా, అచ్చుగుద్దినట్టు ఉంటుంది, చాలాసార్లు కింద వేసిన కాగితం ముక్కలు కూడా అంటుకుని ఉంటాయి. చేతిపని అని తేలాక బేరం కాస్త తగ్గించి, కుట్టింది ఎవరో ఒకసారి దుకాణంలో అడగండి.